గండికోట: నది కొండను ఎందుకు కోసింది?

చెరువుకు గండి పడిందంటే ఏమిటో మీకు తెలుసు. వానలు ఎక్కువై, నీరు బరువై, కట్ట ఒకచోట తెగిపోతుంది. ఆ తెగిన చోటే గండి. వెంటనే ఊరంతా తట్టా పారా పట్టుకుని పరుగెడుతుంది. మట్టి పోసి, ఇసుక బస్తాలు వేసి దాన్ని పూడుస్తారు.

మరి కొండకే గండి పడితే? దాన్ని పూడ్చడం ఎవరి తరం? ఎవరూ పూడ్చలేదు సరిగదా, ఆ గండి అంచున కోట కట్టుకున్నారు. కోటలో ఊరు వెలిసింది. ఆ ఊరే గండికోట.

కడప జిల్లా జమ్మలమడుగుకు పడమటి దిక్కున, సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండల మీద ఉన్నదీ ఊరు. దాని పక్కనే ఎర్రని రాతిగోడల నడుమ, దాదాపు 300 అడుగుల లోతున పెన్నానది పోతూ ఉంటుంది.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేయాలి. నీరు పల్లమెరుగును అంటారు గదా! కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, తాడిపత్రి మీదుగా వచ్చిన పెన్నకు ఇక్కడ గట్టి రాతికొండ అడ్డంగా ఉంది. నీరు పల్లం వెతుక్కుంటూ కొండను చుట్టిపోవాలి. అలా చేయకుండా కొండ నడుముకే కోత పెట్టి అవతలికి ఎందుకు పోయింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, ఆ చుట్టుపక్కల నేల ఎలా తయారైందో, రాజులు కోటకు ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో, మన కాలంలో ఇంజనీర్లు ఆనకట్టకు కూడా ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో తెలిసిపోతుంది.

కొండ మీద ఊరు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా దారి చదునుగా సాగుతుంది. ఇరుపక్కలా నల్లరేగడి చేలు. శనగ, పత్తి, జొన్న పండే భూములు. ఇళ్లలో నేలకు పరిచినవి నున్నని నాపరాళ్లు. జమ్మలమడుగు దాటి పడమరగా వెళ్తే నేల రంగు మారుతుంది. నలుపు పోయి ఎరుపు వస్తుంది. చేలు తగ్గి ముళ్లపొదలు, బండరాళ్లు ఎక్కువవుతాయి. దారి కొండ ఎక్కుతుంది.

కోటగోడ కనిపించినప్పుడు మీకొక చిత్రం తోస్తుంది. ఎక్కడిదాకా కొండ, ఎక్కడినుంచి గోడ అన్నది దూరం నుంచి తేల్చుకోలేరు. రెండూ ఎర్రగానే ఉంటాయి. రెండూ పలకల్లాంటి రాళ్లను పేర్చినట్టే ఉంటాయి. గోడను మనుషులు పేర్చారు. కొండను ఎవరు పేర్చారో తర్వాత చెప్పుకుందాం.

లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యపు కొట్టు ఉన్నాయి. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఈ కోటనుంచి ఏలారు. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. ఉత్తరం వైపున పెన్న కోసిన లోయ ఉండగా శత్రువు అటునుంచి ఎక్కలేడు. అంటే ఆ పక్క గోడపనినంతా నదే చేసిపెట్టిందన్నమాట.

వాలిన పుస్తకాల దొంతర

ఇప్పుడు రాళ్ల సంగతికి వద్దాం. మీ పుస్తకాలు అయిదారు తీసి బల్లమీద ఒకదానిపై ఒకటి పేర్చండి. తర్వాత దొంతరను మెల్లగా ఒక పక్కకు జరపండి. పుస్తకాల అంచులు మెట్లలా బయటపడతాయి. అడుగు పుస్తకం ఒక కొసన కనిపిస్తుంది, పై పుస్తకం రెండో కొసన కనిపిస్తుంది. ఒక చీమ ఆ మెట్లెక్కుతూ పోతే అడుగు పుస్తకం నుంచి పై పుస్తకం దాకా వరుసగా దాటుతుంది.

కడప జిల్లా పడమటి భాగం అలాంటి దొంతరే. వేంపల్లె, పులివెందుల వైపు అడుగు పొరలు బయటపడి ఉంటాయి. గండికోట దగ్గర వాటికి పైన ఉండే పొర కనిపిస్తుంది. జమ్మలమడుగు దగ్గర ఇంకా పై పొర కనిపిస్తుంది. పులివెందుల నుంచి జమ్మలమడుగుకు బయలుదేరిన మనిషి, తనకు తెలియకుండానే, పాతకాలం నుంచి కొత్తకాలానికి నడుస్తున్నాడన్నమాట. ఈ శిలలను పరిశీలించి భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో ఒక పెద్ద గ్రంథమే వెలువరించాడు. ఇప్పుడు భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ పొరలను వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట అన్న పేర్లతోనే పిలుస్తారు. ఏ దేశంవాడు రాసినా ఈ ఊళ్ల పేర్లు రాయక తప్పదు.

ఒక్కొక్క పొరకూ ఒక్కొక్క కథ ఉంది. వేంపల్లె పొర సున్నపురాయి జాతిది. అందులో ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వలయాలు వలయాలుగా గుర్తులుంటాయి. అవి లోతులేని సముద్రంలో జిగటగా పేరుకుని బతికిన సూక్ష్మజీవులు మిగిల్చిన గుర్తులు. వాటిని స్ట్రొమాటొలైట్లు అంటారు. ఆ కాలానికి ఇంకా చేప లేదు, చెట్టు లేదు, గడ్డిపరక కూడా లేదు.

పులివెందుల ప్రాంతంలో ఈ పొరల మధ్యకు భూమి లోపలినుంచి కరిగిన రాయి చొచ్చుకొచ్చి, పలకలా పరుచుకుని గట్టిపడింది. రేడియోధార్మిక ధాతువులు క్షీణించే వేగాన్ని బట్టి లెక్కకడితే దాని వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరాలని తేలింది. ఆ వేడికి పక్కనున్న సున్నపురాయి మారిపోయి రాతినార పుట్టింది. రాయి అయికూడా నారలా చీలుతుంది గనుక దానికి ఆ పేరు. అయితే దాని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకమైన జబ్బులు వస్తాయి. ఎక్కడైనా కనిపిస్తే చేత్తో నలపకండి.

ఇక గండికోట పొర. ఇది ఒకప్పటి ఇసుక. లోతులేని సముద్రపుటంచున అలలు పరిచిన ఇసుక. పైన బరువు పెరిగి ఇసుక రాయిగా మారింది. రేణువుల మధ్య సందుల్లో సిలికా నిండి, అంతా కలిసి ఒకే ముద్దలా గట్టిపడింది. దీన్నే క్వార్ట్‌జైట్ అంటారు. మామూలు ఇసుకరాయిని పగలగొడితే రేణువుల పక్కనుంచి విడిపోతుంది. క్వార్ట్‌జైట్‌ను పగలగొడితే రేణువులే తెగుతాయి. దాని గట్టిదనం అలాంటిది. కొన్ని బండలపై అలల ముడతలు నేటికీ చూడవచ్చు. కొంచెం ఇనుము కలిసి ఉండటంవల్ల ఆ రాయి ఎర్రగా తుప్పుపట్టిన రంగుకు తిరుగుతుంది.

పొరలు పొరలుగా పేరుకున్న ఈ రాయికి నిలువునా కూడా పగుళ్లు పడ్డాయి. అడ్డంగా పొరలు, నిలువుగా పగుళ్లు. అందుకే కొండ అంతా మేస్త్రి పేర్చినట్టు పలకలు పలకలుగా కనిపిస్తుంది. కోట కట్టినవాళ్లకు రాళ్లు సగం తయారుగానే దొరికాయి.

నది ముందా? కొండ ముందా?

కొండ ఎప్పటినుంచో ఉందనీ, నది తర్వాత వచ్చి దాన్ని ఢీకొట్టిందనీ మనం అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది.

ఒకప్పుడు ఈ నేల మట్టం ఇప్పటి కొండ తలకన్నా ఎత్తున ఉండేదనుకోండి. గట్టి క్వార్ట్‌జైట్ ఇంకా నేలలోపలే, మెత్తని రాళ్ల నడుమ, దాగి ఉంది. ఆ పైమట్టం మీద నది తన వాలును బట్టి దారి ఏర్పరచుకుంది. కింద ఏ రాయి దాగి ఉందో నదికేం తెలుసు? ఏటికేడాది తన గాడిని లోతు చేసుకుంటూ దిగింది. ఒకనాటికి గట్టి రాయి తగిలింది. కాని అప్పటికే నది తన గాడిలో ఇరుక్కుపోయింది. రెండు పక్కలా ఒడ్డు ఎత్తుగా ఉంది. పక్కకు తిరగాలంటే ముందు ఒడ్డెక్కాలి. నీరు మెరక ఎక్కదు గదా! దానికి మిగిలిన దారి ఒక్కటే, ఉన్నచోటే కిందికి కోయడం.

ఈలోగా చుట్టూ ఏం జరుగుతోంది? వానలు, వాగులు మెత్తని రాళ్లను తొందరగా అరగదీసి పట్టుకుపోతున్నాయి. గట్టి క్వార్ట్‌జైట్ అంత తొందరగా అరగదు. చుట్టూ నేల దిగిపోతుంటే అది మాత్రం ఎత్తుగా మిగిలిపోతుంది. అలా మిగిలినదాన్నే మనం ఇప్పుడు కొండ అంటున్నాం. అంటే కొండ లేచి నదికి అడ్డం రాలేదు. చుట్టుపక్కల నేల కిందికి పోయి కొండ బయటపడింది. నది మాత్రం తన పాత దారినే పట్టుకుని ఉంది. ఇలాంటి గండ్లు ఏర్పడే తీరును భూగర్భ శాస్త్రజ్ఞులు ఇలాగే వివరిస్తారు.

కడప జిల్లాలో ఇది ఒక్కటే గండి కాదు. వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కూడా ఇలాగే కొండను చీల్చుకుని బయటికి వస్తుంది. అక్కడి ఆంజనేయస్వామి క్షేత్రం పేరు కూడా గండే. మన పెద్దలు నేలను ఎంత సరిగా చూసి పేర్లు పెట్టారో గమనించారా!

చేసి చూడండి

ఒక పెద్ద పళ్లెం లేక పాత రేకు తీసుకోండి. జిగురు మట్టిని చపాతీ కర్ర లావున చేసి ఎండబెట్టండి. దాన్ని పళ్లెం మధ్యలో అడ్డంగా ఉంచి, పూర్తిగా మునిగేటట్టు తడి ఇసుక పోసి చదును చేయండి. పళ్లెం ఒక కొసను ఇటుకముక్క మీద ఎత్తి పెట్టండి. ఎత్తు కొసనుంచి సన్నని ధారగా నీరు పోస్తూ ఉండండి.

ధార ముందుగా ఇసుకలో గాడి చేసుకుంటుంది. ఆ గాడి దిగి దిగి మట్టికర్రను తాకుతుంది. ఓపికగా పోస్తే మట్టికర్రమీద చిన్న గంటు పడుతుంది. అదే మీ గండి.

ఒక్కొక్కసారి ధార మట్టికర్రను తాకగానే పక్కకు జారిపోతుంది. అలా ఎందుకు జరిగిందో చూడండి. మట్టికర్రమీద ఇసుక పలచగా ఉంటే గాడి లోతు కాకముందే అడ్డు తగులుతుంది. ఇసుక మందంగా ఉంటే గాడి లోతుగా దిగిన తర్వాతే అడ్డు తగులుతుంది. అప్పుడు ధార తప్పించుకోలేదు. ఇసుక మందం మారుస్తూ నాలుగైదుసార్లు చేసి, ప్రతిసారీ ఏం జరిగిందో మీ నోటుబుక్కులో రాసుకోండి.

రంపం నీరు కాదు, ఇసుక

వట్టి నీరు క్వార్ట్‌జైట్‌ను అంతగా కోయలేదు. వరదలో కొట్టుకొచ్చే ఇసుక, గులకరాళ్లు రాతిని ఒరుసుకుంటూ పోతాయి. నీరు రంపాన్ని లాగే చెయ్యి అయితే, ఇసుక దాని పళ్లు. అడుగు తెగుతూ ఉంటే, పక్కగోడల్లో పగుళ్ల వెంట బండలు విడిపోయి కింద పడతాయి. వరద వాటినీ నలిపి తీసుకుపోతుంది. గండికోట అంచున నిలబడి కిందికి చూస్తే అలా విరిగిపడిన బండలు కనిపిస్తాయి. అంటే పని ఇంకా పూర్తి కాలేదన్నమాట. అందుకే అంచు బండలమీదికి వెళ్లకూడదు. ఏ బండ ఎప్పుడు విడిపోతుందో పైనుంచి చూస్తే తెలియదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. నది ఏడాదికి ఒక వెంట్రుక మందం, అంటే మిల్లీమీటరులో పదోవంతు, కోస్తుందనుకుందాం. వంద మీటర్లు కోయడానికి ఎంతకాలం పడుతుంది? వంద మీటర్లంటే లక్ష మిల్లీమీటర్లు. పదితో గుణిస్తే పది లక్షల ఏళ్లు! ఇది ఊహ కోసం వేసిన లెక్కే. అసలు కోత కొన్ని యుగాల్లో ఎక్కువ, కొన్ని యుగాల్లో తక్కువ. అయినా వెంట్రుకవాసి పనికి ఓపిక తోడైతే ఏమవుతుందో ఈ లెక్క చెబుతుంది.

గండికోటను అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చడం అలవాటైపోయింది. కొలరాడో నది కోసిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లు దాటుతుంది. పరిమాణంలో మన గండి దానిముందు చిన్న పిల్ల. కాని అక్కడ లోయ అంచున మీరు నిలబడే పై రాతిపొర వయస్సు సుమారు 27 కోట్ల ఏళ్లు. గండికోట అంచున మీ కాళ్లకింది రాయి దానికన్నా ఎంతో పాతది.

నాపరాయి కథ వేరు

జమ్మలమడుగు వైపున్న పై పొర సున్నపురాయి. ఇళ్లలో పరిచే నాపరాళ్లు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు వాడే రాయి ఈ జాతివే. నీరు క్వార్ట్‌జైట్‌ను గీకి కోయాలి. సున్నపురాయిని మాత్రం కరిగిస్తుంది. వాననీటిలో గాలినుంచి, మట్టినుంచి బొగ్గుపులుసు వాయువు కలిసి నీరు కొంచెం పులుసెక్కుతుంది. ఆ నీరు పగుళ్లలో దిగి సున్నపురాయిని మెల్లమెల్లగా కరిగిస్తుంది. ఇదే జాతి సున్నపురాయిలో, కొలిమిగుండ్ల దగ్గర, మూడు కిలోమీటర్లకు పైబడిన బెలుం గుహలు అలా ఏర్పడ్డాయి. నీరు ఒక్కటే. గట్టి ఇసుకరాతిలో గండి కోసింది, సున్నపురాతిలో గుహ తొలిచింది.

ఒక నాపరాతి ముక్కమీద నిమ్మరసం చుక్క వేసి చూడండి. సన్నని బుడగలు వస్తాయి. క్వార్ట్‌జైట్ మీద వేస్తే ఏమీ రావు. అయితే ఇంట్లో పరిచిన బండలమీద ఈ ప్రయోగం చేయకండి. మచ్చ పడుతుంది, అమ్మ కోప్పడుతుంది.

కొండ మీద నీళ్లెక్కడివి?

కోటకు గోడలున్నా, ధాన్యం ఉన్నా, నీళ్లు లేకపోతే ముట్టడి పడిన వారానికే తలుపులు తెరవాలి. కడప జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 700 మిల్లీమీటర్లే. నది మూడువందల అడుగుల కింద ఉంది. మరి జనం ఎలా బతికారు?

1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే మీర్ జుమ్లాకు తన సరుకు చూపిద్దామని గండికోట ఎక్కాడు. కొండమీది మైదానంలో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయనీ, చిన్న చిన్న ఊటలు ఆ చేలను తడుపుతున్నాయనీ తన యాత్రాగ్రంథంలో రాశాడు. కొండమీద వరి!

దీనికీ రాతిలోనే జవాబుంది. వాననీరు క్వార్ట్‌జైట్ పగుళ్లలోకి దిగుతుంది. ఆ పొరల నడుమ అక్కడక్కడ మెత్తని మట్టిపలకల పొరలున్నాయి. వాటిగుండా నీరు సులభంగా దిగదు. అలా అడ్డుపడిన నీరు పక్కకు పాకి ఊటగా బయటికి వస్తుంది. దానికి తోడు పల్లాలకు కట్టలు వేసి వాననీరు నిలిపారు. కోటలోని రాయలచెరువు అలాంటిదే. ఒక్క వాన చుక్కనూ కొండ దిగనీయకుండా ఆపినవాళ్లే అంత కోటను నిలబెట్టుకోగలిగారు.

కోటలో కత్తుల కోనేరు అని ఒకటుంది. యుద్ధం తర్వాత కత్తులు అందులో కడగటంవల్ల నీళ్లు ఎర్రబడ్డాయని కథ చెబుతారు. కథగా బాగుంది. మరి మీరు విజ్ఞానశాస్త్ర విద్యార్థులు గదా, ఆలోచించండి. నీళ్లలో కలిసిన రక్తం కుళ్లి కొద్దిరోజుల్లోనే రంగు పోగొట్టుకుంటుంది. వందల ఏళ్లు పోని ఎరుపు ఆ కొండలో ఇంకేముంది? కొండ పేరే ఎర్రమల! ఎర్రమట్టి కలిసిన నీటిని గాజుగ్లాసులో పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున అడుగున ఏం కనిపించిందో చూడండి.

గండిలో కట్టిన కట్ట

వెడల్పాటి నదికి ఆనకట్ట కట్టడం ఖర్చుతో కూడిన పని. నది ఇరుకుగా, రెండు పక్కలా గట్టి రాయి ఉన్నచోట కట్ట చిన్నదైనా వెనుక చాలా నీరు నిలుస్తుంది. అలాంటి చోటు ఎక్కడుంది? గండి దగ్గరే. రాజులు కోటకు ఎంచిన చోటుకు కొంచెం ఎగువనే ఇంజనీర్లు గండికోట జలాశయానికి కట్ట వేశారు. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మొత్తం సుమారు 76 కోట్ల ఘనపు మీటర్ల నీరన్నమాట. గండికి దిగువన మైలవరం జలాశయం ఉంది.

ఇంకో వింత ఏమిటంటే, పెన్న దారిలో నిలిచే ఈ నీటిలో చాలావరకు పెన్న నీరు కాదు. గాలేరు–నగరి పథకం కింద శ్రీశైలం జలాశయం నుంచి గోరుకల్లు, అవుకు జలాశయాల మీదుగా, కాలువల్లోనూ సొరంగాల్లోనూ ప్రయాణం చేసి వచ్చిన కృష్ణ నీరు. పులివెందుల వైపు మెరక భూములకు దాన్ని పంపులతో ఎత్తిపోస్తారు. నీరు తనంతట తాను మెరక ఎక్కదు గదా! ఎక్కించాలంటే కరెంటు ఖర్చు పెట్టాలి.

ఇందులో మరో ఖర్చు కూడా ఉంది. కట్ట వెనుక నీరు నిలవాలంటే ఎగువ నేల మునగాలి. 2020లో జలాశయంలో నీటి నిల్వ పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు వంటి పెద్ద ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇళ్లు, బడి, వేపచెట్లు, తాతముత్తాతల చేలు వదిలి జనం కొత్తచోట్లకు తరలిపోయారు. కరువు నేలకు నీరు కావాలి, అందులో సందేహం లేదు. ఆ నీటికోసం ఎవరు ఏమి వదులుకున్నారో కూడా నీరు తాగేవాళ్లందరికీ తెలిసి ఉండాలి. పులివెందుల తోటకు నీరు పారినప్పుడు అది కృష్ణ నీరని చెప్పుకుంటాం. మునిగిన ఊళ్ల పేర్లు కూడా కలిపి చెప్పుకోవడం న్యాయం.

మీ వంతు

ఒక్క గండి ఎన్ని పనులు చేసిందో చూశారు. నదికి దారి అయింది, కోటకు అగడ్త అయింది, ఆనకట్టకు చోటు అయింది. దాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు రాతిమీద మీ పేరు చెక్కకండి. అలల ముడతలున్న బండమీద సముద్రం ఎప్పుడో తన సంతకం చేసిపోయింది. దానిమీద మనం గీతలు గీస్తే తర్వాత వచ్చేవాళ్లకు అది చదవడానికి మిగలదు.

వెళ్లలేకపోయినా ఫరవాలేదు. ఊరిపేర్లలో నేల కథలుంటాయి. జమ్ము పెరిగే మడుగు ఉండటంవల్ల జమ్మలమడుగు అయిందని చెబుతారు. మీ ఊరిపేరులో మడుగు ఉందా, వంక ఉందా, గుట్ట ఉందా, పల్లె పక్కన పాత చెరువు పేరేమిటి? ఊళ్లోని ముసలివాళ్లను అడిగి రాసుకోండి. తర్వాత మీ ఊరివాగు దగ్గరికి వెళ్లి, అది ఎక్కడ వెడల్పుగా పారుతోందో, ఎక్కడ ఇరుకుగా పారుతోందో చూడండి. ఇరుకైన చోట ఒడ్డున ఉన్న రాయి ఏదో పరీక్షించండి. చేతిలో ఒక నిమ్మకాయ ముక్క ఉంటే చాలు.